మనాసిక్ అంటే ఏమిటి?

జిల్‌హజ్జ్ మాసపు తొలి శుక్రవారం ప్రసంగ పాఠం

సర్వ స్తోత్రాలు సకల లోకాలకు ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స.అ.స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన అల్లాహ్ శాంతి శుభాలు కురిపించుగాక!

ధర్మ సోదరులారా!

జిల్‌హజ్జ్ నెలవంక కనిపించింది. ప్రపంచపు నలుమూలల నుండి బయలుదేరిన యాత్రికులు మక్కా చేరుకుంటున్నారు. వెళ్లలేని మనం ఇక్కడ తాండవ నది ఒడ్డున, పాయకరావుపేటలో, పండుగ నమాజుకూ ఖుర్బానీకీ సిద్ధపడుతున్నాం. ఈ దినాలలో మన చెవిన పదే పదే పడే మాట ఒకటుంది. అది ‘మనాసిక్’. దాని ఏకవచనం ‘మన్సక్’. అదే ధాతువు నుండి పుట్టిన మరో మాట ‘నుసుక్’. సౌదీ ప్రభుత్వం 2022లో యాత్రికుల కోసం ఏర్పరచిన సేవా వేదికకు ‘నుసుక్’ అనే పేరు పెట్టింది. కనుక హజ్‌కు, ఉమ్రాకు వెళ్లేవారి సెల్‌ఫోన్లలో కూడా ఇప్పుడు ఆ మాట కనిపిస్తోంది.

కొంతకాలం క్రితం జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. జీవితమంతా మగ్గం మీద గడిపిన మనిషి. ఇంట్లో మాట్లాడేది తెలుగే. హజ్‌కు వెళ్లే భాగ్యం ఆయనకు కలిగింది. ఫోన్ చూపించి, “హజ్రత్, ఈ నుసుక్ అంటే ఏమిటండీ?” అని అడిగారు. నేనేదో తొందరలో ఉండి, “హజ్ తంతండీ” అన్నాను.

ఆయన చిన్నగా నవ్వారు. “మా మనవడూ ఆ మాటే అంటాడండీ, ఇదంతా తంతేగా తాతా అని” అన్నారు. కాసేపు ఆగి మెల్లగా మరో మాట అడిగారు. “నాకు అరబీ రాదు. ఉర్దూ కూడా అంతంతమాత్రమే. అర్థం తెలియకుండా నలుగురితో పాటు తిరిగి వస్తే, అది హజ్ అవుతుందంటారా?”

అవుతుందని, భయపడవద్దని చెప్పి పంపాను. కాని నా జవాబు నాకే తృప్తినివ్వలేదు. అల్లాహ్ గ్రంథంలోని ఒక గొప్ప మాటకు నేను తేలికైన అర్థం చెప్పాను. ఆ తేలికతనమే ఆ పెద్దాయన భయాన్నీ, ఆయన మనవడి నిర్లక్ష్యాన్నీ రెండింటినీ బలపరచింది. ఆ రోజు నేను ఇవ్వవలసిన జవాబును నేడు మీ అందరి ముందు ఉంచుతున్నాను.

మాట పుట్టుక

ఈ మాటకు మూలం నూన్, సీన్, కాఫ్ అనే మూడు అక్షరాలు. అరబీ ధాతువులను పరిశీలించిన ఇబ్నె ఫారిస్, ఈ ధాతువు ఆరాధననూ, అల్లాహ్‌కు చేరువ కావడాన్నీ సూచిస్తుందని నిర్ధారించారు. హిజ్రీ 711లో, అనగా క్రీ.శ. 1311లో మరణించిన ఇబ్నె మన్జూర్ తన ‘లిసానుల్ అరబ్’ నిఘంటువులో పూర్వ పండితుల వివరణలను ఒకచోట చేర్చారు. వాటిలో మూడు మనకు చాలా ఉపయోగపడతాయి.

మొదటిది: బట్టను నీటితో ఉతికి శుభ్రపరచడాన్ని అరబ్బులు ఈ ధాతువుతోనే చెప్పేవారు. రెండవది: కరిగించి, మాలిన్యం తీసివేసిన వెండి కడ్డీని ‘నసీకా’ అనేవారు. ‘నాసిక్’ అనగా ఆరాధకుడు అనే మాట ఎక్కడినుండి వచ్చిందని సఅలబ్ అనే పండితుణ్ణి అడిగినప్పుడు, ఆయన ఈ వెండి కడ్డీనే చూపించారు. వెండిని మూసలో పెట్టి శుద్ధి చేసినట్లు, అల్లాహ్ కోసం తన ఆత్మను మాలిన్యం నుండి వేరుచేసుకున్నవాడే నాసిక్ అని ఆయన భావం. మూడవది ఫర్రా అనే భాషావేత్త చెప్పినది: మనిషి అలవాటుగా మళ్లీ మళ్లీ వెళ్లే చోటు ‘మన్సక్’.

సోదరులారా! ఈ మూడింటినీ కలిపి చూడండి. ఉతకడం, కరిగించి శుద్ధి చేయడం, మళ్లీ మళ్లీ రావడం. బట్ట ఒక్కసారి ఉతికితే జీవితాంతం శుభ్రంగా ఉండదు. మాసిన కొద్దీ మళ్లీ రేవుకు తీసుకుపోవలసిందే. వెండికి నిప్పు తగలకుండా మాలిన్యం విడివడదు. ఆరాధనకు కూడా ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి. అది మళ్లీ మళ్లీ చేయవలసినది. కొంత శ్రమకు ఓర్చి చేయవలసినది.

ఈ విషయం అర్థం చేసుకోవడానికి మనం అరబ్బు దేశం దాకా వెళ్లనక్కరలేదు. తెలుగు మాట్లాడే ముస్లింలలో అనేకుల పూర్వీకుల వృత్తి దూది ఏకడం. విల్లు నారిని మీటుతుంటే ముద్దకట్టిన దూది విడివడి, అందులోని ధూళీ నలుసులూ రాలిపోయేవి. ఏకిన దూదే వడకడానికి పనికివచ్చేది. ఏకని దూదితో నూలు తీస్తే పోగు మధ్యలోనే తెగిపోతుంది. ఏ పని మన తాతల చేతులలో పత్తికి జరిగిందో, ఆ పనే మనాసిక్ ద్వారా మన హృదయానికి జరగాలి. ఈ మాట అర్థం మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. దాని అరబీ పేరు మాత్రమే మనకు కొత్త.

దివ్య ఖుర్‌ఆన్‌లో ఈ మాట

ఈ ధాతువు ఖుర్‌ఆన్‌లో అనేక చోట్ల వచ్చింది. సందర్భాన్ని బట్టి దాని అర్థం విస్తరిస్తుంది, ఒక్కొక్కసారి కుదించుకుంటుంది.

బఖరా సూరా 196వ ఆయత్‌లో హజ్ యాత్రికుడు వ్యాధి వలన గాని, తలలో బాధ వలన గాని ముందుగానే శిరోముండనం చేయించుకోవలసి వస్తే, ఉపవాసమో, దానమో, నుసుకో పరిహారంగా ఇవ్వాలని ఆదేశముంది. అక్కడ నుసుక్ అంటే పశుబలి. అదే సూరా 128వ ఆయత్‌లోనూ, 200వ ఆయత్‌లోనూ వచ్చిన మనాసిక్ అంటే హజ్ విధులన్నీ. హజ్ సూరా 34వ ఆయత్‌లో, 67వ ఆయత్‌లో ప్రతి సమాజానికీ ఒక మన్సక్ నియమించబడిందని అల్లాహ్ తెలియజేశాడు. అక్కడ దాని అర్థం ఆరాధనా విధానం. ఇక అన్‌ఆమ్ సూరా 162వ ఆయత్ వీటన్నిటికీ శిఖరం వంటిది. తన నమాజు, తన నుసుక్, తన జీవితం, తన మరణం అన్నీ సకల లోకాల ప్రభువైన అల్లాహ్ కొరకేనని ప్రకటించమని దైవప్రవక్త (స.అ.స) వారికి అందులో ఆజ్ఞ వచ్చింది.

ఆ వరుసను గమనించండి. నమాజు తర్వాత నుసుక్, నుసుక్ తర్వాత జీవితం, జీవితం తర్వాత మరణం. విధికీ బ్రతుకుకూ నడుమ అక్కడ గోడ లేదు. మస్జిదులో చేసినది ఒకటి, బజారులో చేసినది మరొకటి అనే విభజన ఆ ఆయత్‌లో మనకు దొరకదు.

తర్వాతి కాలంలో హదీసు సంకలనకర్తలు ఈ మాటను హజ్‌కు ప్రత్యేకించారు. అబూ దావూద్, ఇబ్నె మాజా తమ గ్రంథాలలో హజ్ అధ్యాయానికి ‘కితాబుల్ మనాసిక్’ అనే పేరునే ఉంచారు. అందువలన ఆ మాట వినగానే మనకు కాబా, అరఫాత్, మినా గుర్తుకు వస్తాయి. అది సరియైనదే. కాని దాని వేరు అంతకంటే లోతుకు పోయిందని మరువకూడదు.

మాంసమా? నుసుకా?

ఒక పనిని నుసుక్‌గా మార్చేది ఏది? బరా బిన్ ఆజిబ్ (రజి.) ఉల్లేఖించిన ఒక సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. బక్రీద్ రోజున దైవప్రవక్త (స.అ.స) ప్రసంగిస్తూ, ఈ రోజు మనం చేసే మొదటి పని నమాజు, ఆ తర్వాతనే ఖుర్బానీ అని వివరించారు. నమాజుకు ముందే జిబహ్ చేసినవాడు తన ఇంటివారికి మాంసం సమకూర్చినవాడు మాత్రమేననీ, అది ఏ విధంగానూ నుసుక్ కాదనీ స్పష్టం చేశారు. అప్పుడు అబూ బుర్దా (రజి.) లేచి, తాను ముందే జిబహ్ చేశానని విన్నవించుకున్నారు. దానికి బదులుగా మరొకటి ఇవ్వమని ప్రవక్త (స.అ.స) ఆదేశించారు.

ఇక్కడ పశువు ఒకటే, కత్తి ఒకటే, పలికిన అల్లాహ్ నామం ఒకటే, మాంసమూ ఒకటే. తేడా కొన్ని గడియలు మాత్రమే. అయినా ఒకటి నుసుక్ అయింది, మరొకటి కేవలం మాంసంగా మిగిలింది. ఎందుకు? నుసుక్ అంటే మనకు తోచినప్పుడు, తోచిన విధంగా చేసేది కాదు. ఆజ్ఞ కోసం ఆగడం అందులో భాగం. ఆకలి ముందుకు తోస్తున్నా, ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తున్నా, ఆజ్ఞ వచ్చేదాకా చేతిని ఆపుకోవడమే అక్కడ శుద్ధి.

దీనికి మరో వైపు కూడా ఉంది. అజ్ఞాన కాలంలో అరబ్బులు బలి రక్తాన్ని కాబాకు పూసేవారని ఖుర్‌ఆన్ వ్యాఖ్యాతలు తెలిపారు. వారికి విధి ఉంది, రక్తం ఉంది, ఆడంబరం ఉంది. హజ్ సూరా 37వ ఆయత్ ఆ భ్రమను తొలగించింది. మాంసం గాని, రక్తం గాని అల్లాహ్‌కు చేరవనీ, ఆయనకు చేరేది మీలోని తఖ్వా, అంటే దైవభీతి మాత్రమేననీ అది బోధించింది.

ఈ రెండు బోధలనూ పక్కపక్కన ఉంచండి. క్రమం తప్పితే అది నుసుక్ కాదని హదీసు చెబుతోంది. హృదయం లేకపోతే అది అల్లాహ్‌కు చేరదని ఖుర్‌ఆన్ చెబుతోంది. నేతపనివారికి ఇది సులభంగా అర్థమవుతుంది. పడుగు లేకుండా పేక నిలువదు. పేక లేకుండా పడుగు బట్ట కాదు. విధి పడుగు వంటిది. దానిని ముందే సరిచేసి మనకు అప్పగించారు. సంకల్పం పేక వంటిది. దానిని ప్రతిసారీ మనమే అందించాలి.

మన భాషలోని మాటలు

ఇప్పుడు ‘తంతు’ అనే మాటకు వద్దాం. పెళ్లి తంతు అన్నప్పుడు ఆ మాటలో తప్పేమీ లేదు. క్రమంగా జరగవలసిన పనుల వరుస అని దాని అర్థం. కాని వాడుకలో ఆ మాట పలుచబడింది. “అంతా తంతే” అన్నామంటే పైపై వ్యవహారమని, లోపల ఏమీ లేదని మన ఉద్దేశం. మాట పలుచబడటానికి కారణం భాష కాదు. పనులు హృదయం లేకుండా జరగడం జనం చూశారు. దానికి తగినట్టు మాట అర్థమూ దిగజారింది.

తెలుగులో విధులకు ‘క్రతువు’ అనే గౌరవప్రదమైన మాట కూడా ఉంది. అది సంస్కృతం నుండి వచ్చింది. వేదకాలపు భాషలో క్రతు శబ్దానికి సంకల్పం, బుద్ధిబలం అనే అర్థాలు ఉండేవి. యజ్ఞం అనే అర్థం తర్వాత స్థిరపడింది. అంటే ఒక ప్రాచీన భాషలో విధికి పెట్టిన పేరులోనే సంకల్పం దాగి ఉంది. మన ధర్మంలో సంకల్పాన్ని ‘నియ్యత్’ అంటాం. ఖర్జూరపు గింజను అరబీలో ‘నవాత్’ అంటారు. నియ్యత్, నవాత్ రెండూ ఒకే ధాతువు మాటలు. గింజ లేని పండు తినడానికి పనికివస్తుంది గాని, చెట్టుగా మొలవదు. నియ్యత్ లేని కర్మ కూడా అంతే. కర్మలు సంకల్పాలను బట్టే ఉంటాయన్న ప్రవక్త (స.అ.స) బోధ మనందరికీ తెలిసినదే.

మనం నిత్యం పలికే ‘నమాజు’ అనే మాట కూడా అరబీ కాదు, ఫార్సీ. ఖుర్‌ఆన్‌లో ఉన్నది ‘సలాత్’. వంగడం అనే అర్థమున్న ప్రాచీన ధాతువు నుండి నమాజు వచ్చింది. సంస్కృతంలోని నమస్సు దానికి దాయాది. ‘రోజా’ కూడా ఫార్సీ మాటే. దినం అనే అర్థమున్న ‘రోజ్’ నుండి పుట్టింది. ఇస్లాం స్వీకరించిన పర్షియన్లు తమ భాషలోనే ఆరాధనలకు పేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్లే మన దాకా వచ్చి, మనకు పవిత్రమయ్యాయి. అలాంటప్పుడు తెలుగులో ధర్మాన్ని అర్థం చేసుకోవడానికి మనం సిగ్గుపడవలసిన అవసరమేమిటి? ఖుర్‌ఆన్‌ను తొలిసారిగా తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారు ఉత్తరాంధ్రలో పుట్టిన పండితులు. ఆయన ముస్లిం కారు. అయినా ఈ గ్రంథం అర్థం తెలుగువారికి అందాలని శ్రమించారు. ఆ అర్థాన్ని మన ఇంట్లో మన పిల్లలకు చెప్పడంలో మనం వెనుకబడితే ఆ లోపం మనదే.

నేను మదర్సాలో పాఠాలన్నీ ఉర్దూలో నేర్చుకున్నాను. మొదట్లో మింబరు మీద తెలుగు మాట్లాడటానికి నాకు కూడా సంకోచం ఉండేది. ఆ సంకోచం వలన ఎందరు పెద్దలు అర్థం తెలియకుండా ఇళ్లకు వెళ్లారో అల్లాహ్‌కే తెలుసు. ఆయన నన్ను క్షమించుగాక!

విధులను ఎవరు నేర్పారు?

బఖరా సూరా 128వ ఆయత్‌లోని సన్నివేశాన్ని తలచుకోండి. హజ్రత్ ఇబ్రాహీం (అ.స), హజ్రత్ ఇస్మాయీల్ (అ.స) కాబా గృహపు పునాదులు లేపుతున్నారు. రాళ్లు మోస్తున్న ఆ తండ్రీకొడుకులు దుఆ చేస్తున్నారు. తమను విధేయులుగా చేయమని, తమ సంతతి నుండి విధేయ సమాజాన్ని లేపమని, తమ మనాసిక్‌ను తమకు చూపించమని, తమ పశ్చాత్తాపాన్ని స్వీకరించమని వారు వేడుకుంటున్నారు.

అల్లాహ్ స్నేహితుడనే బిరుదు పొందిన ప్రవక్త ఆయన. గృహం కడుతున్నది ఆయన చేతులే. అయినా ఆ గృహంలో ఎలా ఆరాధించాలో తానుగా నిర్ణయించుకోలేదు. చూపించమని అడిగారు. ఆ తర్వాత క్షమాపణ కూడా కోరారు. విధి తెలియకపోవడం అవమానం కాదని, అడగకపోవడమే లోపమని ఈ దుఆ మనకు నేర్పుతోంది. “నాకు తెలియదు, చెప్పండి” అని నా పక్కన కూర్చుని అడిగిన ఆ పెద్దాయన ఇబ్రాహీం (అ.స) మార్గంలోనే నిలబడ్డారు.

శతాబ్దాల తర్వాత అదే గృహం వద్ద, హిజ్రీ 10వ సంవత్సరంలో, ప్రవక్త ముహమ్మద్ (స.అ.స) తమ అంతిమ హజ్ చేశారు. మీ మనాసిక్‌ను నా నుండి నేర్చుకోండి, ఈ హజ్ తర్వాత నేను మళ్లీ హజ్ చేస్తానో లేదో అని సహచరులను హెచ్చరించారు. జాబిర్ (రజి.) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అలాగే జరిగింది. సుమారు మూడు మాసాలకే వారు ఈ లోకాన్ని విడిచారు.

ఈ విధులను మనం తర్కంతో కనిపెట్టలేదు. ఒకరి నుండి ఒకరం చూసి నేర్చుకున్నాం. హజ్రత్ ఉమర్ (రజి.) నల్లరాతిని ముద్దాడుతూ, అది హాని గాని మేలు గాని చేయలేని రాయి అని తనకు తెలుసుననీ, ప్రవక్త (స.అ.స) ముద్దాడగా చూశాను కనుకనే తానూ ముద్దాడుతున్నాననీ బహిరంగంగా ప్రకటించారు. ఆ మాటలో తౌహీద్ ఉంది, విధేయత కూడా ఉంది. రాయిని పూజించడం లేదు. ప్రవక్త నేర్పిన దానిని వదలడమూ లేదు.

విధి ద్వారా గర్వపడినవారు

మనాసిక్ మనిషిని శుద్ధి చేయడానికి వచ్చాయి. కాని మనిషి వాటినే గర్వానికి మెట్లుగా మార్చుకోగలడు. మక్కాలోని ఖురైషులు ఆ పనే చేశారు. అరఫాత్ మైదానం హరమ్ సరిహద్దుకు బయట ఉంది. మిగతా తెగలన్నీ అక్కడికి వెళ్లి నిలబడేవి. ఖురైషులు మాత్రం, మేము హరమ్ వాసులం, సామాన్యులతో పాటు బయటికి పోము అంటూ ముజ్దలిఫాలోనే ఆగిపోయేవారు. తాము ఇచ్చిన బట్టలు దొరకని బయటివారు దిగంబరంగా తవాఫ్ చేసే దురాచారాన్ని కూడా నెలకొల్పారు.

బఖరా సూరా 199వ ఆయత్ ఆ గర్వాన్ని నేలకు దించింది. జనమంతా ఎక్కడినుండి మరలుతారో అక్కడినుండే మీరూ మరలండని, అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోండని ఆజ్ఞాపించింది. హిజ్రీ 9వ సంవత్సరపు హజ్‌లో దిగంబర తవాఫ్ నిషేధించబడింది. మరుసటి సంవత్సరం ప్రవక్త (స.అ.స) మినా నుండి బయలుదేరినప్పుడు, వారు తమలాగే ముజ్దలిఫాలో ఆగుతారని ఖురైషులు భావించారు. వారు ఆగలేదు. ముందుకు సాగి, అందరితో పాటు అరఫాత్‌లో నిలిచారు.

ఆ తర్వాతి 200వ ఆయత్ మరో జాడ్యాన్ని చూపింది. హజ్ ముగిశాక అరబ్బులు మినాలో గుమిగూడి తమ తండ్రితాతల గొప్పలు చెప్పుకునేవారు. మనాసిక్ పూర్తయ్యాక మీ తండ్రులను స్మరించినట్లు, అంతకంటే అధికంగా అల్లాహ్‌ను స్మరించండని వారికి ఆదేశం వచ్చింది.

సోదరులారా! ఇది ఖురైషుల కథ మాత్రమేనని తప్పించుకుందామా? మనలో ఉర్దూ మాట్లాడేవారు తెలుగు మాత్రమే తెలిసినవారిని చిన్నచూపు చూసిన రోజులు లేవా? వృత్తిని బట్టి, ఇంటి పేరును బట్టి, ఉచ్చారణను బట్టి తోటి ముస్లింను తక్కువ చేసిన మాటలు మన నోట రాలేదా? అరబీ అక్షరం సరిగా పలకలేదని ఒక వృద్ధుణ్ణి చూసి నవ్వినవాడు, మేము హరమ్ వాసులమన్న ఖురైషీ పక్కన నిలబడినట్లే. హజ్ చేసి వచ్చి, పేరుకు ముందు హాజీ అని పిలవనందుకు అలిగినవాడు, మినాలో తాతల గొప్పలు చెప్పుకున్నవారి వరుసలో చేరినట్లే. ఇహ్రామ్‌లో కుట్టని రెండు బట్టలు వేసుకున్నప్పుడు నేతగాడెవరో, వ్యాపారి ఎవరో తెలియదు. ఆ శుద్ధిని ఇంటికి తీసుకురాలేకపోతే, మనం రేవు దాకా వెళ్లి బట్ట తడపకుండా తిరిగి వచ్చినట్లే.

ఇతరుల విధుల పట్ల కూడా మన నాలుకను అదుపులో ఉంచుకోవాలి. ఈ ఊరిలో మన ఇరుగుపొరుగున హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. ప్రతి సమాజానికీ ఒక మన్సక్ ఉందని చెప్పిన 67వ ఆయత్‌లోనే, ఈ విషయంలో కలహం వద్దని, తన ప్రభువు వైపు పిలవమని ప్రవక్త (స.అ.స) వారికి బోధ ఉంది. మన విశ్వాసం మనకు స్పష్టం. ఎదుటివారి ఆచారాన్ని ఎగతాళి చేయడం ఆ విశ్వాసంలో భాగం కాదు.

ఆ పెద్దాయనకు, ఆయన మనవడికి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు. అరబీ రానివాడి హజ్ హజ్ అవుతుందా?

తప్పక అవుతుంది. హజ్‌లోని ముఖ్య విధులు ఏమిటి? ఇహ్రామ్ ధరించి సంకల్పం చేసుకోవడం, అరఫాత్‌లో నిలబడటం, తవాఫె జియారత్ చేయడం. నిలబడటానికి, నడవడానికి భాష అడ్డు కాదు. సంకల్పం హృదయపు పని. హృదయం ఏ భాషలో సంకల్పించినా అల్లాహ్‌కు తెలుస్తుంది. తల్బియా చిన్నది; కొద్ది రోజులలో నేర్చుకోవచ్చు. అరఫాత్‌లో చేతులెత్తినప్పుడు తెలుగులోనే అడగండి. మీ అమ్మతో ఏ భాషలో మాట్లాడారో, మీ కష్టం ఏ భాషలో మీ నోట వస్తుందో, ఆ భాషలో అడగండి. కంఠస్థం చేసిన వాక్యం కంటే కన్నీటితో తడిసిన ఒక్క తెలుగు మాట ఆ చోట మీకు ఎక్కువ మేలు చేయవచ్చు.

తప్పు జరుగుతుందేమోనని భయమా? తెలిసినవారిని అడిగి నేర్చుకుని వెళ్లండి. అయినా మనిషి పొరపడతాడు. అంతిమ హజ్‌లో ఖుర్బానీ దినాన జనం ప్రవక్త (స.అ.స) వద్దకు వచ్చి, ఒకడు తెలియక ఖుర్బానీకి ముందే శిరోముండనం చేయించుకున్నానని, మరొకడు రాళ్లు వేయకముందే ఖుర్బానీ ఇచ్చానని చెప్పుకున్నారు. అలా ముందు వెనుకలైన వాటి గురించి ఎవరు ఏది అడిగినా, చేయండి, దోషం లేదు అని వారు ఊరట కలిగించారు. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి.) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. ఏ పొరపాటుకు పరిహారం ఉందో, దేనికి లేదో ఫిఖ్ పండితులు వివరించారు. వారిని అడిగితే చెబుతారు. నేర్పినవారి స్వభావం మాత్రం ఇది. వారు తమ ఉమ్మత్‌ను భయపెట్టడానికి రాలేదు.

ఇక మనవడికి ఒక మాట. నాయనా, నీవు అన్నదానిలో కొంత నిజముంది. హృదయం లేని విధి తంతే. నమాజు చేస్తూనే దానిపట్ల ఏమరుపాటుగా ఉండేవారిని ఖుర్‌ఆనే హెచ్చరించింది. మాలో కొందరు నీకు అలాంటి విధినే చూపించి ఉంటే, ఆ తప్పు మాది. కాని దానికి మందు విధిని వదలడం కాదు. మాసిన బట్టను పారేసి ఎవరూ బట్ట లేకుండా తిరగరు, ఉతుక్కుంటారు. మంచి మనసు ఉంటే చాలు, విధి ఎందుకు అంటావు. మీ తాత మీద నీకున్న ప్రేమ, ఆయనకు జ్వరం వచ్చిన రాత్రి నీవు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పుడే కదా ఆయనకు తెలిసేది? మనసులో ఉన్నదానికి చేయి, కాలు, నుదురు కూడా సాక్ష్యమివ్వాలి. ఆ సాక్ష్యం పేరే నుసుక్.

ఈ పది దినాలలో మనం చేయవలసినవి

హజ్‌కు వెళ్లలేనివారు కూడా ఈ దినాలలో మనాసిక్‌కు దూరంగా లేరు. ఖుర్బానీ ఇవ్వదలచినవారు నెలవంక కనిపించినది మొదలు ఖుర్బానీ అయ్యేదాకా జుట్టు, గోళ్లు తీయకుండా ఉండటం మంచిది. ఉమ్మె సలమా (రజి.) ఉల్లేఖించిన హదీసులో ఈ బోధ ఉంది. ఇంటిలో ఉంటూనే యాత్రికుడితో పోలిక కలుగుతుంది. తొమ్మిదవ దినాన ఉపవాసం ఉండండి. ఆనాటి ఫజ్ర్ నుండి పదమూడవ దినం అస్ర్ వరకు ప్రతి ఫర్జ్ నమాజు తర్వాత తక్బీర్ మరువకండి.

ఖుర్బానీ పండుగ నమాజు తర్వాతనే ఇవ్వండి. పశువు ధర గురించి గొప్పలు వద్దు. ఫోటోలు తీసి నలుగురికీ పంపడం వద్దు. మాంసంలో పేదల భాగాన్ని మిగిలిపోయిన ముక్కలతో సరిపెట్టకండి. వ్యర్థాలను తాండవలోకి, కాలువలలోకి, వీధులలోకి వదలకండి. గోయి తీసి పూడ్చండి. నుసుక్ అనే మాటకు శుద్ధి అని అర్థం చెప్పుకున్నాక, మన నుసుక్ వలన ఊరు మురికి కావడం ఎంత సిగ్గుచేటు!

చివరిది అన్నిటికంటే కష్టమైనది. హజ్‌లో కలహానికి తావు లేదని బఖరా సూరా 197వ ఆయత్ ఆదేశించింది. యాత్రికులు బయలుదేరే ముందు అప్పులు తీర్చి, అందరినీ క్షమాపణ అడిగి వెళతారు. ఇక్కడ ఉండిపోయే మనం కూడా ఆ పని చేయలేమా? గోడ సరిహద్దు దగ్గర మాట్లాడటం మానేసిన అన్నదమ్ములు మన మధ్యనే ఉన్నారు. చెల్లెలి వాటా ఇవ్వకుండా ఆపుకున్నవారు ఉన్నారు. పండుగ నాటికి ఆ తలుపు తట్టండి. జంతువు మెడ మీద కత్తి పెట్టడం సులభం. మన అహం మీద పెట్టడం కష్టం. హజ్రత్ ఇబ్రాహీం (అ.స) ఆ కష్టమైనదానినే ముందుగా అల్లాహ్‌కు అప్పగించారు.

ఓ అల్లాహ్! మా మనాసిక్‌ను మాకు చూపించు. వాటిని మా నాలుకల మీదనే ఉంచక మా హృదయాలలోకి దించు. మాలో హజ్‌కు వెళ్లినవారి హజ్‌ను స్వీకరించు, వెళ్లలేనివారి తపనను స్వీకరించు. తెలుగులో వేడుకునేవారి మొరను, అరబీలో వేడుకునేవారి మొరతో పాటు ఆలకించు. మా నమాజును, మా నుసుక్‌ను, మా జీవితాన్ని, మా మరణాన్ని నీ కొరకే చేయి. నీవు వినేవాడవు, సర్వమూ ఎరిగినవాడవు. ఆమీన్.